చీకటి కొండమీద ఫోటోలు



పోయిన నెల ఒక అమ్మాయి నాకు ఉత్తరం వ్రాసింది. ఏడో తరగతి చదువుతున్నదట. "మాష్టారూ, మా సైన్సు పుస్తకంలో ఒక నీహారిక ఫోటో ఉన్నది. ఎర్రగా, నీలంగా, మబ్బులు మబ్బులుగా ఎంతో బాగున్నది. కాని నేనూ మా తమ్ముడూ మేడ ఎక్కి చూస్తే అక్కడ ఏమీ లేదు. ఎవరిదో టెలిస్కోపులో చూస్తే బూడిదరంగు మరకలాంటిది కనబడింది. ఆ ఫోటో నిజమా? లేక ఎవరైనా రంగులు వేసి తయారుచేశారా?" అని అడిగింది.

ఇది మంచి ప్రశ్న. "పుస్తకంలో ఉన్నది గనక నిజమే" అని జవాబు చెబితే సరిపోదు. అందుచేత ఈ నెల మన శీర్షికంతా ఆ అమ్మాయికి జవాబే అనుకోండి.

వానాకాలంలో చూరునుంచి చినుకులు పడుతూ ఉంటాయి గదా! చూరు కింద దోసిలి పట్టి, ఒక్కొక్క చినుకూ పడగానే పారబోస్తూ ఉంటే ఆ దోసిలి ఎప్పటికీ నిండదు. అదే చూరు కింద బిందె పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి నిండి ఉంటుంది. చూరు అదే, చినుకులూ అవే. మన కన్ను దోసిలి వంటిది. అది సెకండులో ఏ పదో వంతు సేపో కాంతిని పోగుచేసి, చూసినదాన్ని మెదడుకు అప్పగించి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. రాత్రంతా రెప్ప వాల్చకుండా చూసినా కంటికి అంతకన్న ఎక్కువ కాంతి చేరదు. ఫోటో తీసే ప్లేటు బిందె వంటిది. వెనకటి రోజుల్లో గాజు పలకకు వెండి కలిసిన మందు పూసి దానిమీద ఫోటో తీసేవారు. ఆ మందుమీద పడిన కాంతి పడినట్టే ఉండిపోతుంది. ఒక గంట ఉంచితే గంటసేపటి కాంతి, నాలుగు గంటలు ఉంచితే నాలుగు గంటల కాంతి దానిమీద చేరుతుంది.

అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే ఆయన 1880 సెప్టెంబరు 30వ తేదీ రాత్రి ఈ పని చేసి చూపించాడు. ఒకే వరసలో ఉండే మూడు చుక్కలు మీకు తెలుసు గదా, వాటికి కాస్త కిందుగా ఒక నీహారిక ఉన్నది. టెలిస్కోపు వెనక ప్లేటు పెట్టి దానికి 51 నిమిషాలు ఫోటో తీశాడు. నీహారికకు తీసిన మొట్టమొదటి ఫోటో అదే.

ఇంత సులభమైతే అందరూ తీసేవారే. కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. భూమి తిరుగుతూ ఉంటుంది గనక చుక్కలు తూర్పునుంచి పడమరకు జరుగుతూ కనిపిస్తాయి. రెండు నిమిషాలలో ఒక చుక్క చంద్రుడి వెడల్పంత దూరం జరిగిపోతుంది! కెమెరాను కదలకుండా ఉంచితే ప్లేటుమీద చుక్కలు పడవు, గీతలు పడతాయి. అందుకని టెలిస్కోపును చుక్కలతోబాటే తిప్పటానికి గడియారంలాంటి యంత్రం అమర్చారు. బరువు ఒకటి మెల్లిగా కిందికి దిగుతూ ఉంటే పళ్ళచక్రాలు తిరుగుతాయి. అయితే ఆనాటి యంత్రాలు ఒక క్షణం ముందుకో వెనక్కో పోయేవి. అంచేత కెమెరా పక్కనే ఇంకొక టెలిస్కోపు కట్టి, దాని కంటి అద్దంలో సాలెపురుగు దారాలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి బిగించేవారు. ఆ దారాలు కలిసేచోట ఒక చుక్కను ఉంచి, అది వెంట్రుకవాసి పక్కకు జరగగానే చేత్తో మర తిప్పి వెనక్కు తీసుకురావాలి. గంటకాదు, రెండు గంటలు కాదు, ఒక్కొక్కప్పుడు నాలుగైదు గంటలు! నిద్ర పట్టకూడదు, చెయ్యి వణకకూడదు. దీపం వెలిగించకూడదు. చలికాలంలో కుంపటి కూడా పెట్టుకోకూడదు, ఎందుకంటే వేడిగాలి లేస్తే చుక్క అల్లల్లాడుతుంది.

ఇటువంటి పని ఎవరు చెయ్యగలరు? దీనికోసమే పుట్టాడా అనిపించే మనిషి ఒకడున్నాడు. అతని పేరు ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్.

బర్నార్డ్ 1857లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో పుట్టాడు. అతను పుట్టకముందే తండ్రి పోయాడు. తల్లి మైనపు పువ్వులు చేసి అమ్మి ఇల్లు గడిపేది. ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది, పేదవాళ్ళు మరింత పేదవాళ్ళయ్యారు. తొమ్మిదో ఏడు నిండకుండానే ఆ కుర్రవాడు ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాడు.

అక్కడ అతని పని ఏమిటో వినండి. ఆ రోజుల్లో కరెంటు దీపాలు లేవు. చిన్న ఫోటోను పెద్దది చెయ్యాలంటే ఎండ కావాలి. స్టూడియో డాబామీద ఒక పెద్ద యంత్రం ఉండేది, దాని పేరు "జూపిటర్", అంటే బృహస్పతి. సూర్యుడు జరుగుతూ ఉంటాడు గనక ఆ యంత్రం ఎప్పుడూ సూర్యుడి ముఖాన్నే చూస్తూ ఉండేటట్టు ఎవరో ఒకరు చక్రాలు తిప్పుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరితే ఫోటో పాడయిపోతుంది. అంతకుముందు పెట్టిన కుర్రవాళ్ళు ఎండకు సోలిపోయి నిద్రపోయేవారట. బర్నార్డ్ మాత్రం నిద్రపోలేదు. పగలల్లా డాబామీద నిలబడి సూర్యుణ్ణి తప్పిపోకుండా పట్టుకునేవాడు.

అతను ఆ స్టూడియోలో 17 ఏళ్ళు పని చేశాడు. ఫోటో కడగటం, ప్రింటు తియ్యటం, ఏ మందు ఎంత కలపాలో, ప్లేటుమీద మరక ఎందుకు వస్తుందో, అన్నీ చేతులకు వచ్చాయి.

1876లో ఒక మనిషి బర్నార్డ్ దగ్గర రెండు డాలర్లు అప్పు తీసుకుని, హామీగా ఒక పుస్తకం ఉంచి వెళ్ళాడు. పుస్తకం తెరిస్తే అందులో ఆకాశ పటాలు ఉన్నాయి. బర్నార్డ్ కిటికీలోనుంచి తల బయట పెట్టి పటంలో ఉన్న చుక్కలను ఆకాశంలో వెతికాడు. అభిజిత్తు, శ్రవణం చుక్కలు పటంలో ఉన్నట్టే ఆకాశంలోనూ ఉన్నాయి! ఏళ్ళ తరబడి తాను చూస్తున్న చుక్కలకు పేర్లున్నాయని అతనికి అప్పుడు తెలిసింది. ఆ తరవాత 380 డాలర్లు పెట్టి టెలిస్కోపు కొన్నాడు. అది అతని సంవత్సరం జీతంలో సుమారు మూడింట రెండు వంతులు.

ఆ టెలిస్కోపుతో తోకచుక్కలను వెతికాడు. కొత్త తోకచుక్కను కనిపెట్టిన వారికి 200 డాలర్లు బహుమతి ఇస్తానని ఒక ధనవంతుడు ప్రకటించి ఉన్నాడు. బర్నార్డ్ అప్పుచేసి ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అప్పు వాయిదా దగ్గరపడి, డబ్బు ఎక్కడనుంచి తెద్దామా అనుకునే సమయానికి ఒక తోకచుక్క దొరికేదట! ఆ ఇంటికి "తోకచుక్కల ఇల్లు" అన్న పేరు వచ్చింది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఇతను బడిలో చదివినది రెండు నెలలు మాత్రమే. ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో గడిపిన నావంటివాడు ఈ సంగతి చెబితే, "చూశారా, బడి అక్కర్లేదని మాష్టారే అన్నారు" అని మీ పిల్లలు అంటారేమో! అదేం కుదరదు. 1877లో న్యూకూంబ్ అనే గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు నాష్‌విల్‌కు వచ్చినప్పుడు బర్నార్డ్ వెళ్ళి సలహా అడిగాడు. ఆయన "ముందు లెక్కలు నేర్చుకో" అన్నాడు. బర్నార్డ్‌కు దుఃఖం వచ్చింది. వచ్చినా, పగలు పనిచేసుకుంటూనే లెక్కలు నేర్చుకోవటం మొదలుపెట్టాడు. తరవాత 1883లో, పెళ్ళయిన మనిషి అయివుండి కూడా, విశ్వవిద్యాలయంలో చేరి చదువుకున్నాడు.

ఇక కొండ సంగతికి వద్దాం.

కాలిఫోర్నియాలో హామిల్టన్ అనే కొండ ఉన్నది. ఎత్తు సుమారు 4,200 అడుగులు. పియానోలు తయారుచేసి, భూములు కొని కోటీశ్వరుడైన జేమ్స్ లిక్ అనే ఆయన ఇచ్చిన డబ్బుతో ఆ శిఖరంమీద వేధశాల కట్టారు. లిక్ దేహాన్ని పెద్ద టెలిస్కోపు స్తంభం కిందనే పాతిపెట్టారు. 1888లో అక్కడ పని ప్రారంభమైనప్పుడు కటకాలతో చేసిన టెలిస్కోపుల్లో 36 అంగుళాల ఆ టెలిస్కోపును మించినది ప్రపంచంలో లేదు. ఏడాది పొడుగునా మనుషులు కాపురముండి పనిచేసే కొండశిఖరపు వేధశాలల్లో అదే మొదటిది. బర్నార్డ్‌కు అక్కడ ఉద్యోగం దొరికింది.

ఫోటో తియ్యటానికి కొండ ఎందుకు? చుక్కలకు నాలుగు వేల అడుగులు దగ్గరవుతామని కాదు సుమా! ఆ దూరాల ముందు నాలుగు వేల అడుగులు ఒక లెక్కా? కొండమీద తలపైన గాలి తక్కువ, దుమ్ము తక్కువ. పైగా ఆ ప్రాంతంలో రాత్రివేళ సముద్రంనుంచి మంచుమబ్బు వచ్చి లోయలలో పరుచుకుంటుంది. కింద ఉన్న ఊళ్ళ దీపాలన్నీ ఆ దుప్పటి కిందికి పోతాయి. శిఖరం మాత్రం పైన నల్లని ఆకాశం కింద మిగులుతుంది. ప్లేటు బిందెవంటిదని చెప్పాను గదా! అది చుక్కల కాంతినే గాక ఊరి దీపాల కాంతిని కూడా పట్టుకుంటుంది. ఆకాశమే తెల్లగా ఉంటే, ఎక్కువసేపు ఉంచినకొద్దీ ప్లేటంతా మసకబారిపోతుంది. చీకటి ఉన్నచోటనే నాలుగు గంటల ఫోటో సాధ్యం.

చిత్రమేమిటంటే, బర్నార్డ్ ఆ కొండమీద తన గొప్ప ఫోటోలను 36 అంగుళాల పెద్ద టెలిస్కోపుతో తియ్యలేదు. అది ఆకాశంలో చాలా చిన్న ముక్కను మాత్రమే చూపిస్తుంది. పాలపుంత ఆకాశమంతా పరుచుకుని ఉన్నది. దానికి వెడల్పుగా చూసే కన్ను కావాలి. వేధశాలవారు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాత కటకం కొన్నారు. ఆరంగుళాల కటకం. ఫోటో స్టూడియోలో మనుషులను కూర్చోబెట్టి ఫోటోలు తియ్యటానికి ఎప్పుడో తయారుచేసినది! బర్నార్డ్ దానిని ఒక పెట్టెకు బిగించి, ఆ పెట్టెను టెలిస్కోపుకు కట్టి, 1889లో పాలపుంతకు మూడు గంటలకు పైగా ఫోటో తీశాడు. ప్లేటు కడిగి చూస్తే పాలపుంత పాలలాగా లేదు. లెక్కకు అందనన్ని చుక్కలు, కుప్పలు కుప్పలుగా, పాయలు పాయలుగా, మధ్య మధ్య నల్లని దారులతో బయటపడ్డాయి. అంతవరకు మానవుడి కన్ను పాలపుంతను ఆ విధంగా చూడలేదు.

ఇంకొకసారి మ్యాజిక్ లాంతరులోని కటకం, అంగుళంన్నర వెడల్పుది, తీసుకుని ప్రయత్నించాడు. 1894లో దానితో తీసిన ఫోటోలో ఇందాక చెప్పిన మూడు చుక్కల చుట్టూ పెద్ద వంకీలాగా ఒక నీహారిక కనబడింది. అంతకు అయిదేళ్ళ క్రితమే పికరింగ్ అనే ఆయన మరొక కొండమీద నుంచి దాని ఫోటో తీశాడు. అయినా లోకం మాత్రం దాన్ని "బర్నార్డ్ వంకీ" అనే అంటుంది.

1892 అక్టోబరు 12న తీసిన ఒక ప్లేటుమీద శ్రవణం చుక్క ఉన్న వైపు ఒక మసక గీత పడింది. అది తోకచుక్క! ఫోటో ద్వారా కనిపెట్టిన మొదటి తోకచుక్క అదే. ఆ తరవాత అది ఎవరికీ కనబడలేదు, పోయిందనే అనుకున్నారు. 116 ఏళ్ళ తరవాత, 2008లో, అరిజోనాలో ఇంకొక కొండమీది టెలిస్కోపుకు అది మళ్ళీ దొరికింది. (అదే 1892లో, సెప్టెంబరు 9న, బర్నార్డ్ పెద్ద టెలిస్కోపులో కంటితోనే చూసి బృహస్పతికి అయిదో చంద్రుణ్ణి కనిపెట్టాడు. చిన్నప్పుడు అతను తిప్పిన యంత్రం పేరేమిటో గుర్తున్నదా?)

ఇప్పుడు అసలు చిక్కుప్రశ్న. పాలపుంత ఫోటోలలో నల్లని మచ్చలు ఉన్నాయన్నాను. అవి ఏమిటి?

చూస్తే చిల్లుల్లాగా ఉంటాయి. చుట్టూ వేలకొద్దీ చుక్కలు, నడుమ ఒక్క చుక్క కూడా లేని నల్లని చోటు. వందేళ్ళకు ముందే హెర్షెల్ అనే మహా శాస్త్రజ్ఞుడు ఇటువంటి దానిని చూసి ఆకాశంలో కన్నం అనుకున్నాడు. బర్నార్డ్ కూడా చాలా కాలం అలాగే అనుకున్నాడు. చుక్కలు అక్కడ లేవు, అంతే. అయితే ప్లేట్లు పెరిగినకొద్దీ అనుమానం కూడా పెరిగింది. కొన్ని మచ్చలకు అంచులు మరీ పదునుగా ఉన్నాయి. కొన్నింటిలో లోపల సన్నని వెలుగు ఉన్నది. చిల్లుకు అంచు అలా ఉంటుందా?

1905లో అతను తన కొత్త కెమెరాను తీసుకుని కాలిఫోర్నియాలోనే ఉన్న విల్సన్ కొండకు వెళ్ళాడు. అప్పటికి అతను ఉత్తరాన విస్కాన్సిన్‌లో ఉన్న యెర్క్స్ వేధశాలలో పనిచేస్తున్నాడు. అక్కడ ధనూరాశివైపు పాలపుంత బాగా పైకి రాదు. విల్సన్ కొండ ఎత్తు సుమారు 5,700 అడుగులు. ఆ రోజుల్లో దానిమీదికి సామాను కంచరగాడిదల మీద చేరేది. కెమెరాకు 7,000 డాలర్లు ఇచ్చినది కేథరిన్ బ్రూస్ అనే న్యూయార్కు మహిళ. ఆ కొండమీద జనవరినుంచి సెప్టెంబరుదాకా రాత్రి తరవాత రాత్రి ప్లేట్లు తీశాడు.

జవాబు మాత్రం 1913 వేసవిలో వచ్చింది. చంద్రుడు లేని రాత్రి, ఆకాశం నిర్మలంగా ఉన్నది. బర్నార్డ్ మామూలుగా పాలపుంతకు ఫోటో తీస్తున్నాడు. ఇంతలో చిన్న చిన్న మబ్బుతునకలు, మన భూమిమీది మామూలు మబ్బులే, పాలపుంత ముందునుంచి పోతున్నాయి. చీకటి రాత్రి గనక వాటిమీద వెలుగు లేదు. వెలిగే పాలపుంతమీద అవి సిరాచుక్కల్లాగా నల్లగా కనబడ్డాయి. అచ్చం తన ప్లేట్లమీది మచ్చల్లాగే! కన్నాలు కావు, మబ్బులు. చుక్కలకూ మనకూ మధ్య అడ్డం వచ్చిన నల్లని మబ్బులు!

1919లో బర్నార్డ్ అటువంటి 182 నల్లని మచ్చల పట్టిక ప్రకటించాడు. అన్నీ మబ్బులేనని అప్పుడు కూడా అతను గట్టిగా అనలేదు, చాలావరకు అయివుండవచ్చు అన్నాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. 1930లో, బర్నార్డ్ పోయిన తరవాత, అదే హామిల్టన్ కొండమీద ట్రంప్లర్ అనే ఆయన చుక్కల గుంపులను లెక్కగట్టాడు. దూరాన ఉన్న గుంపులు వాటి దూరానికి ఉండవలసినదానికన్న మసకగా ఉన్నాయి. అంటే నడుమ ధూళి ఉన్నది. పొగమంచులో దూరపు దీపం మసకబారినట్టే గదా! ఈనాడు మనకు తెలిసినంతవరకు ఆ నల్లని మబ్బులు వాయువుతోనూ సన్నని ధూళితోనూ నిండినవి. కొత్త చుక్కలు పుట్టేది వాటిలోనే.

బర్నార్డ్ తన ఫోటోలతో ఒక పుస్తకం వెయ్యాలనుకున్నాడు. అచ్చుయంత్రంమీద వేస్తే సన్నని వెలుగులు పోతాయని, 700 ప్రతులకూ నిజమైన ఫోటో ప్రింట్లే అతికించాలన్నాడు. మొత్తం 35,700 ప్రింట్లు! ప్రతి ఒక్కటీ తానే పరీక్షించాడు. పుస్తకం పూర్తికాకుండానే 1923లో కన్నుమూశాడు. అతని భార్య మేనకోడలు మేరీ కాల్వర్ట్, అతనికి ఏళ్ళ తరబడి సాయంగా పనిచేసిన ఆమె, మిగిలిన పని చూసింది. 1927లో పుస్తకం వెలువడింది.

ఇక రంగుల మాట. మసక వెలుగులో మన కన్ను రంగులు పట్టలేదు. వెన్నెట్లో మందారపువ్వు ఎర్రగా కనిపిస్తుందా? అంచేత టెలిస్కోపులో బూడిదరంగు మరక కనబడటం సహజమే. బర్నార్డ్ ప్లేట్లు కూడా తెలుపు నలుపులే. ఇప్పుడు గాజు పలకకు బదులు కాంతిని విద్యుత్తుగా మార్చే చిన్న పలక వాడతారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు అడ్డుపెట్టి విడివిడిగా ఫోటోలు తీసి కలుపుతారు. మూడు చుక్కల కింది నీహారికలోని ఎరుపు నిజంగా హైడ్రోజను వాయువు ఇచ్చే ఎరుపే. కృత్తికల చుట్టూ కనిపించే నీలం, ధూళిమీద పడి తిరిగివచ్చిన ఆ చుక్కల వెలుగే అని 1912లో స్లైఫర్ అనే ఆయన తేల్చాడు. అయితే కొన్ని ఫోటోలలో, మన కంటికి అందని కాంతికి కూడా ఏదో ఒక రంగు కేటాయిస్తారు. కనుక అమ్మాయీ, ఫోటో కింద వ్రాసినది చదవకుండా రంగులను నమ్మకు. మబ్బులను మాత్రం నమ్ము.

చీకటి ఇప్పుడు దొరకటమే కష్టంగా ఉన్నది. విల్సన్ కొండ కింద లాస్ఏంజెలెస్ మహానగరం పెరిగింది. మన హైదరాబాదులో బేగంపేటలోని నిజామియా వేధశాల ఒకప్పుడు ఆకాశ పటం కోసం ప్లేట్లు తీసిన చోటు. ఊరు పెరిగేసరికి, 1968 నాటికి 48 అంగుళాల టెలిస్కోపును దూరాన రంగాపురంలో పెట్టవలసి వచ్చింది. ఈనాడు మన దేశంలో బాగా చీకటి ఉన్న చోటు లదాఖులోని హాన్లే. సుమారు 4,500 మీటర్ల ఎత్తు. అక్కడి రెండు మీటర్ల టెలిస్కోపును బెంగుళూరు దగ్గరున్న హోస్కోటే నుంచి నడుపుతారు! 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి గ్రామస్థులు కిటికీలకు తెరలు వేసుకుని, దీపాలకు మూతలు పెట్టుకుని సహకరిస్తున్నారు.

హాన్లే వెళ్ళలేకపోతే ఇంటి దగ్గరే ఒక పని చెయ్యండి. కార్తీక మాసంలో పొద్దుగూకగానే తూర్పున కృత్తికలు లేస్తాయి. మన పల్లెల్లో వాటిని "పిల్లలకోడి" అంటారు. పౌర్ణమినాడు చంద్రుడు వాటి దగ్గరే ఉంటాడు గనక ఆరోజు పనికిరాదు. బహుళ దశమి దాటాక రాత్రి ఎనిమిది గంటలకు, వీధిదీపం కంట పడని చోట పావుగంట నిలబడి, అప్పుడు ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టండి. ఆ తరవాత మీ నాన్నగారి ఫోను అడిగి తీసుకుని, ఇటుకకు ఆనించి, కదలకుండా, రాత్రి ఫోటోలు తీసే పద్ధతిలో పెట్టి తీసి, ఫోటోలో ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. రెండు అంకెలూ, మీ ఊరి పేరూ, దగ్గరలో ఎన్ని దీపాలున్నాయో కార్డుమీద వ్రాసి పంపండి. ఏ ఊళ్ళో ఎన్ని కనబడ్డాయో పట్టిక వేద్దాం.